అలమరలో దొరికిన ఈ71: అందులో రాసుకున్నవి బయటికి తీయడం ఎలా?

#1 బాటసారి

అందరికీ నమస్కారం. నిన్న అలమర సర్దుతుంటే అడుగు అరలో నా పాత నోకియా ఈ71 కనపడింది. చేతిలోకి తీసుకోగానే వెనక స్టీలు మూత కొంచెం పైకి లేచినట్టు తగిలింది. తీసి చూస్తే బ్యాటరీ ఉబ్బి దిండులా ఉంది. అది ఫోనుతో వచ్చింది కాదు, తర్వాతెప్పుడో వేసుకున్న డూప్లికేట్. దాన్ని లోపలే ఉంచి ఇన్నేళ్ళు వదిలేశాను, తప్పు నాదే. ఫోను మాత్రం చెక్కుచెదరలేదు. కీలన్నీ నొక్కి చూశాను, ఒక్కటి కూడా పట్టెయ్యలేదు.

నా ఆశ ఫోను మీద కాదు, అందులో ఉన్న నోట్స్ మీద. 2010లో నాన్నా నేనూ రెండు వారాలు రైళ్ళలో తిరిగాం. ఆయన అప్పటికే రిటైరయ్యారు. ఇంట్లో పెద్దగా నోరు విప్పని మనిషి, రైలెక్కాక మాత్రం ఆపకుండా మాట్లాడారు. నేను వింటూ ఫోనులో కొట్టుకుంటూ పోయాను. తిరిగొచ్చాక కంప్యూటర్లోకి ఎక్కిద్దాం, ఎక్కిద్దాం అనుకుంటూనే వాయిదా వేశాను. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆ నోట్స్ ఇంకెక్కడా లేవు.

కొత్త బ్యాటరీ వేస్తే ఫోను లేస్తుందా? లేస్తే నోట్స్ బయటికి ఎలా తీయాలి? చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

#2 పాతకీప్యాడ్

బాటసారి గారూ, ముందు ఆ ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో ఉంచకండి. ఛార్జింగ్ పెట్టి చూద్దామని అస్సలు అనుకోవద్దు. గుచ్చడం, నొక్కి సర్దడం, మామూలు చెత్తలో వేయడం ఏవీ వద్దు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇచ్చేయండి.

ఈ71కి కావలసిన బ్యాటరీ బీపీ-4ఎల్, 1500 ఎంఏహెచ్. ఈ63, ఈ72, ఈ52, ఎన్97 అన్నిటికీ అదే కాబట్టి దొరకడం కష్టం కాదు. ఛార్జర్ విషయంలో ఒక మెలిక ఉంది. పక్కన మైక్రో యూఎస్‌బీ చూసి అందులో కేబుల్ పెట్టి కూర్చుంటారేమో, దాంతో ఈ71 ఛార్జ్ అవదు. అది డేటాకి మాత్రమే. సన్న పిన్ను ఛార్జర్ ఉండాల్సిందే.

నోట్స్ సంగతి భయపడకండి. లోపలిది ఫ్లాష్ మెమరీ, బ్యాటరీ లేకపోయినంత మాత్రాన చెరిగిపోదు. ఆన్ అయ్యాక గడియారం రీసెట్ అయి తేదీ, టైము అడుగుతుంది. ఏదో ఒకటి ఇచ్చి ముందుకెళ్ళండి. ఆ తర్వాత ఇక్కడికి రండి, ఒక్కొక్కటే చూద్దాం.

#3 రాత్రిబండి

ఈ71 పేరు చూడగానే ఆగిపోయాను. నాలుగేళ్ళు నా చొక్కా జేబులో ఉన్న ఫోను అది.

నా ఉద్యోగం అప్పట్లో వారానికి రెండు రాత్రులు రైల్లోనే. పై బెర్తు ఎక్కి, లైట్లు తీసేశాక, దుప్పటి కప్పుకుని ఫోను పొట్ట మీద పెట్టుకుని మెయిళ్ళు రాసేవాణ్ణి. ఆ కీలు చూడ్డానికి చిన్నవే. కానీ ప్రతి కీ మధ్యలో చిన్న గుబ్బలా పైకి ఉండేది. అందుకే బొటనవేలు ఒక కీ మీది నుంచి పక్క కీ మీదికి పోతుంటే మధ్యలో చిన్న లోయ దిగి ఎక్కినట్టు తెలిసేది. ఆ లోయే మనకి దారి. బండి కుదుపులకి కూడా తప్పులు పెద్దగా వచ్చేవి కావు. ఇప్పటి ఫోను రైల్లో పట్టుకుని నాలుగు లైన్లు కొడితే రెండు లైన్లు దిద్దుకోవాలి.

ఇంకో సంగతి, తెలుగు. ఆ ఫోనులో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనపడేవి. గుర్తుందా ఎవరికైనా? ఒపేరా మినీ బ్రౌజరులో అడ్రస్ ఇచ్చేచోట ఒపేరా, కోలన్, కాన్ఫిగ్ అని కొడితే ఒక పేజీ వచ్చేది. దాని అడుగున కాంప్లెక్స్ స్క్రిప్టులకి బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అని ఉండేది, దాన్ని ఎస్ చేయాలి. అప్పుడు ఒపేరా సర్వరే తెలుగుని బొమ్మలుగా మార్చి పంపేది. మొదటిసారి తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలి సైటు తెరిస్తే బ్లాగుల పేర్లన్నీ తెలుగులో వచ్చాయి. ఆ రాత్రి నిద్రపోకుండా చదివాను.

#4 సింబియన్‌ప్రేమి

బిట్‌మ్యాప్ చిట్కా గుర్తు చేశారు, థాంక్స్ రాత్రిబండి గారూ. అప్పట్లో అది తెలియనివాళ్ళకి ఫోను పట్టుకుని చేసి పెడితే వాళ్ళ మొహం వెలిగిపోయేది.

కొత్తవాళ్ళ కోసం కొంచెం చెప్తాను. ఈ71ని 2008 జూన్‌లో ప్రకటించారు. 127 గ్రాముల బరువు, 10 మిల్లీమీటర్ల మందం. 369 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 128 ఎంబీ ర్యామ్, 2.36 అంగుళాల తెర. ఈ లెక్కలు ఇప్పుడు చూస్తే ఏమీ లేవనిపిస్తుంది. కానీ హోమ్ కీ నొక్కిపట్టుకుంటే నడుస్తున్న యాప్‌లన్నీ వరసగా కనపడేవి. ఒక దాంట్లో కంట్రోల్ సీతో కాపీ చేసి ఇంకోదాంట్లో కంట్రోల్ వీతో పేస్ట్ చేసేవాళ్ళం. మొదటి ఐఫోనుకి కాపీ పేస్ట్ 2009లో గానీ రాలేదు.

ఫొటో తీసేటప్పుడు ఫోకస్ కావాలంటే టీ కీ నొక్కాలి, అదీ గుర్తే. ఎవరికైనా ఫోను ఇచ్చి "మా ఫొటో తీయండి" అని అడిగితే వాళ్ళకి ముందు టీ కీ చూపించి తర్వాత నవ్వేవాళ్ళం.

#5 జీవన్‌జీ1

నాది వేరే పార్టీ. హెచ్‌టీసీ డ్రీమ్, అంటే 2008 అక్టోబరులో అమెరికాలో టీ-మొబైల్ జీ1 పేరుతో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోను. తెర పక్కకి జరిపితే కింద ఐదు వరసల కీప్యాడ్. అంకెలకి విడిగా ఒక వరస ఉండేది, ఈ71లో అది లేదు.

మొదట్లో దానికి తెర మీద కీబోర్డే లేదు. దాన్ని తెచ్చిన ఆండ్రాయిడ్ 1.5 వచ్చింది 2009 ఏప్రిల్‌లో. అప్పటిదాకా "సరే" అని రెండక్షరాలు పంపాలన్నా తెర జరపాల్సిందే. నాకది ఇబ్బందిగా ఎప్పుడూ అనిపించలేదు. టక్కుమని తెరుచుకునే చప్పుడు వినపడితేనే రాయబుద్ధయ్యేది. ప్రయాణాల్లో మాత్రం 1150 ఎంఏహెచ్ బ్యాటరీ ఏం సరిపోతుంది? జీపీఎస్ ఆన్ చేసి నడిస్తే మధ్యాహ్నానికి ఖాళీ. రెండు బ్యాటరీలు పర్సులో వేసుకుని తిరిగేవాణ్ణి, ఇప్పుడు పవర్ బ్యాంకు మోసినట్టు.

రాయడానికి అడ్డంగా పట్టుకునే కీప్యాడే మేలని నా అభిప్రాయం. రెండు బొటనవేళ్ళకీ చోటుంటుంది. ఈ71 కీప్యాడ్ ఇరుకు.

#6 రాత్రిబండి

ఇరుకే, ఒప్పుకుంటాను. కానీ ఒక చేత్తో పైకడ్డీ పట్టుకుని నిలబడ్డప్పుడు ఇంకో చేతి బొటనవేలితోనే మొత్తం మెసేజ్ కొట్టగలిగేవాళ్ళం కదా. జీ1 అలా కుదరదు. నిలబడి ప్రయాణం చేసేవాళ్ళకి ఇరుకే వరం.

#7 వానచుక్క

నేను కూడా ఈ71 మనిషినే. పని మీద పరాయి దేశాలు ఒంటరిగా తిరిగిన రోజుల్లో అదే నాకు తోడు. ఒక సాయంత్రం సంగతి చెప్తాను.

కొత్త ఊరు, భాష తెలియదు. రోమింగ్ డేటా ఆన్ చేస్తే బిల్లు ఎంతొస్తుందోనని ఆఫ్ చేసి ఉంచాను. బస్సు ఒక స్టాపు ముందే దిగిపోయాను. చీకటి పడుతోంది, వాన మొదలైంది, అడగడానికి మనిషి లేడు. నిజంగా టెన్షన్ వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, బయల్దేరే ముందు రాత్రి కంప్యూటర్లో నోకియా మ్యాప్ లోడర్ పెట్టి ఆ దేశం మ్యాప్ మొత్తం మెమరీ కార్డులోకి ఎక్కించానని. డేటా లేకపోతే జీపీఎస్‌కి ఉపగ్రహాలు దొరకడానికి చాలాసేపు పడుతుంది. చెట్ల కింది నుంచి జరిగి, ఆకాశం కనపడేచోట ఫోను అరచేతిలో వెల్లకిలా పెట్టుకుని నిలబడ్డాను. ఐదు నిమిషాలు పట్టిందేమో, నాకు గంటలా ఉంది. మ్యాప్ మీద నేనున్నచోట చుక్క కనపడింది. నేనున్న వీధి, నేను వెళ్ళాల్సిన వీధి మధ్య రెండే మలుపులు.

వేళ్ళు తడిగా ఉన్నా వీధి పేరు కొట్టగలిగాను. అది కీప్యాడ్ గొప్పే. తడి వేళ్ళకి టచ్ తెర సరిగా పలకదు.

గదికి చేరాక వైఫై దొరికింది. ఈ71లోనే సిప్ కాలింగ్, అంటే ఇంటర్నెట్ మీద ఫోన్ చేసే వీలు, ఉండేది, విడిగా యాప్ అక్కర్లేదు. అమ్మకి ఫోన్ చేసి "చేరాను" అని మాత్రమే చెప్పాను. తప్పిపోయిన సంగతి చెప్పలేదు.

#8 జీవన్‌జీ1

వానచుక్క గారూ, ఈ విషయంలో మీ ఫోనుకే నా ఓటు. జీ1లో గూగుల్ మ్యాప్స్ అందంగా ఉండేది, స్ట్రీట్ వ్యూలో ఫోను ఎటు తిప్పితే బొమ్మ అటు తిరిగేది. కానీ డేటా లేకపోతే బూడిదరంగు గళ్ళే. కొండదారిలో సిగ్నల్ పోయినప్పుడు దాన్ని పట్టుకుని ఏం చేయాలో నాకు తోచేది కాదు. ఆ తర్వాత నుంచి కాగితం మ్యాప్ మడిచి పెట్టుకునేవాణ్ణి.

#9 నల్లపండు

బ్లాక్‌బెర్రీ వాడినవాళ్ళు ఎవరూ రాలేదా? నాది బోల్డ్ 9000, అదీ 2008దే. దాంట్లో రాత ఇంకో స్థాయి. అక్షరాన్ని నొక్కిపట్టుకుంటే పెద్దక్షరం అవుతుంది, స్పేస్ రెండుసార్లు కొడితే ఫుల్‌స్టాప్ పడి తర్వాతి మాట పెద్దక్షరంతో మొదలవుతుంది. షిఫ్ట్ వెతుక్కునే పని లేదు. విమానం ఎక్కాక మెయిళ్ళన్నీ రాసి పెట్టుకుంటే దిగి నెట్‌వర్క్ ఆన్ చేయగానే వాటంతటవే పోయేవి.

#10 చిన్నోడు

అందరికీ నమస్తే. ఇవన్నీ చదివాక ఒక ఈ71 కొని రోజూ వాడాలనిపిస్తోంది. కుదురుతుందా అన్నా?

#11 పాతకీప్యాడ్

తమ్ముడూ, మాట్లాడ్డానికీ ఎస్సెమ్మెస్‌కీ అయితే, మీ దగ్గర 2జీ గానీ 3జీ గానీ ఇంకా నడుస్తుంటే వాడుకోవచ్చు. ఈ71లో 4జీ లేదు, చాలా దేశాల్లో పాత నెట్‌వర్కులు ఒక్కొక్కటే ఆపేస్తున్నారు. ముందు అది కనుక్కో. వాట్సాప్ 2017 జూన్ 30తో సింబియన్‌ని, అంటే ఈ71లో నడిచే సిస్టమ్‌ని, వదిలేసింది. ఇప్పటి వెబ్‌సైట్లు కొత్త రకం ఎన్‌క్రిప్షన్ అడుగుతాయి, దాని పాత బ్రౌజరుకి అది రాదు కాబట్టి చాలావరకు తెరుచుకోవు. రాసుకోవడానికి, రేడియో వినడానికి మాత్రం ఇప్పటికీ మంచి వస్తువే. రేడియోకి ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్, అది 2.5 మిల్లీమీటర్ల సన్న జాక్. అడాప్టర్ కూడా చూసుకో.

#12 బాటసారి

బ్యాటరీ వచ్చింది. సన్న పిన్ను ఛార్జర్ పక్కింటివాళ్ళ దగ్గర దొరికింది. పెట్టాను. ముందు ఏమీ రాలేదు, పావుగంట తర్వాత తెర వెలిగింది. రెండు చేతులు ఒకదాన్నొకటి అందుకునే ఆ బొమ్మ చూడగానే కళ్ళు చెమర్చాయి.

కానీ లాక్ కోడ్ అడుగుతోంది. మామూలుగా ఉండే 12345 కొట్టాను, కాదంది. అంటే నేనే మార్చుకున్నాను. ఏం పెట్టుకున్నానో బొత్తిగా గుర్తులేదు. పుట్టినరోజులు రెండు కొట్టి చూశాను, అవీ కాదు. ఇంక ముట్టుకోలేదు. రీసెట్ కోడ్ ఏదో ఉందట కదా, అది కొట్టనా?

#13 పాతకీప్యాడ్

వద్దు వద్దు. స్టార్, హ్యాష్‌తో 7370 కొట్టే ఆ రీసెట్ ఫోనులోని మెమరీని తుడిచేస్తుంది. మీ నోట్స్ ఉన్నది అక్కడే. ఎవరైనా సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుందన్నా వినకండి, దాంతోనూ నోట్స్ పోవచ్చు. వరసగా తప్పు కొడుతూ పోతే కాసేపు ఆగమని ఆపేస్తుంది, అప్పుడు ఆగి మళ్ళీ చూడొచ్చు. తొందరపడకండి.

#14 రాత్రిబండి

ఒక మాట చెప్తాను, వింతగా అనిపించినా చేసి చూడండి. అంకెల కోసం ఆలోచించకండి. ఆ రోజుల్లో ఆ కోడ్‌ని రోజుకి పది ఇరవైసార్లు కొట్టి ఉంటారు, చూడకుండానే. ఈ71లో అంకెలు అక్షరాల కీల మధ్యలోనే ఉంటాయి కాబట్టి మీ వేలికి గుర్తున్నది అంకెలు కాదు, వేలు నడిచిన దారి. రాత్రి లైటు తీసేసి, అప్పుడు ఎలా పట్టుకునేవారో అలా పట్టుకుని, వేరే ఏదైనా ఆలోచిస్తూ కొట్టండి. నా పాత ఏటీఎం పిన్ నాకు ఇలాగే గుర్తొచ్చింది.

#15 బాటసారి

తెరుచుకుంది!

రాత్రిబండి గారూ, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి మీరు చెప్పినట్టే లైటు తీసేసి పడుకున్నాను. మొదటిసారి వేలు మధ్యలో ఆగిపోయింది. తుడిచేశాను. ఫోను పక్కన పెట్టి, నాన్నతో ఆ ప్రయాణంలో కిటికీ పక్క సీటు కోసం మేము వంతులు వేసుకోవడం గుర్తు తెచ్చుకున్నాను. మళ్ళీ తీసుకుని కొట్టాను. పై వరస నుంచి కిందికి, మళ్ళీ పైకి, పక్కకి. ఓకే నొక్కాను. హోమ్ స్క్రీన్. తర్వాత లైటు వేసి ఏ అంకెలు కొట్టానో చూసుకున్నాను. నాన్న పనిచేసిన ఆఫీసులో ఆయన టేబుల్ మీది ఫోను నంబరు అది, ఐదంకెలది. చిన్నప్పుడు నాకు నోటికి వచ్చిన మొదటి నంబరు.

నోట్స్ నలభై మూడు ఉన్నాయి. ఇంకా ఏదీ తెరవలేదు. ముందు భద్రం చేసుకుని తర్వాత చదువుతాను.

#16 వానచుక్క

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. చాలా సంతోషం.

#17 పాతకీప్యాడ్

ఇంక సులువే. ముందు మెమరీ కార్డులోకి ఒక బ్యాకప్ తీసి పెట్టండి. నోట్స్ అన్నిటినీ ఒకేసారి బయటికి పంపే దారి ఫోనులో లేదు. ఒక్కో నోట్ తెరిచి, ఆప్షన్స్‌లో సెండ్, వయా బ్లూటూత్ అని కంప్యూటర్‌కి పంపండి. పాత విండోస్ కంప్యూటర్ ఉంటే నోకియా పీసీ సూట్‌తో సింక్ చేయొచ్చు గానీ, నలభై మూడే కాబట్టి చేత్తో పంపడమే నయం. బ్లూటూత్‌లో జత కలపనని కొత్త కంప్యూటర్లు కొన్నిసార్లు మొండికేస్తాయి. అలాంటప్పుడు ముందు కంప్యూటర్‌లో ఫైల్ అందుకునే విండో తెరిచి ఉంచి, ఆ తర్వాత ఫోను నుంచి పంపండి.

#18 బాటసారి

మూడు సాయంత్రాలు పట్టింది. అన్నీ వచ్చాయి, రెండు చోట్ల దాచాను.

అప్పుడు తెలుగు రాసే వీలు లేదు కదా, అంతా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే. ఇంగ్లీషు అక్షరాల్ని తెలుగులోకి మార్చే లేఖినిలో పెట్టి తిప్పేద్దామనుకున్నాను, కుదరలేదు. లేఖినికి ఏది పొడుగు, ఏది పొట్టి, ఏది పెద్దక్షరం అని పద్ధతిగా రాయాలి. నేను రైలు వేగంలో కొట్టుకుంటూ పోయాను. పాట, పట, పాత మూడూ ఒకేలా ఉన్నాయి. అందుకని ఒక్కో వాక్యం బయటికి చదువుతూ, నాన్న గొంతులో ఏ మాట అయితే సరిపోతుందో చూసుకుని మళ్ళీ తెలుగులో రాస్తున్నాను. రోజుకి ఒక నోట్. అంతకంటే చేయబుద్ధి కావడం లేదు, అయిపోతుందేమోనని.

#19 వానచుక్క

మీకు అభ్యంతరం లేకపోతే ఒకటి ఇక్కడ పెట్టండి. అడగొచ్చో లేదో తెలియదు, మరీ సొంత విషయమైతే వద్దు.

#20 బాటసారి

సొంత విషయమే, కానీ మీ అందరి చలవ వల్ల దొరికింది. నాలుగో రోజు నోట్ ఇది. నాన్న టైపిస్టుగా చేరి అదే ఆఫీసులో రిటైరయ్యారు, అది తెలిస్తే అర్థమవుతుంది.

"బండి ఏదో చిన్న స్టేషన్లో ఆగింది. క్రాసింగ్ అట. నాన్న నా ఫోను వైపు చూసి, ఇది మా రెమింగ్టన్ వరసే కదరా అన్నారు. అవును నాన్నా అన్నాను. నువ్వు కీల వైపు చూడకుండానే కొడుతున్నావే, ఎవరు నేర్పారు అని అడిగారు. ఎవరూ నేర్పలేదు, అలవాటైంది అన్నాను. మా మాస్టారు కీల మీద అట్ట పెట్టి కప్పేసేవాడు అన్నారు. చూస్తే వేగం పోతుంది, కాగితం మీద ఉన్న మాట మీదే కన్ను ఉండాలి అనేవాడట. కాగితం లేదు కదా, మరి నీ కన్ను ఎక్కడుంది అన్నారు. మీ మీద అన్నాను. కిటికీ వైపు తిరిగిపోయారు. బండి కదిలింది."

#21 రాత్రిబండి

ఏమీ రాయలేకపోతున్నాను. చదివాను అని చెప్పడానికే వచ్చాను.

#22 జీవన్‌జీ1

బాటసారి గారూ, ఆ నోట్ మా నాన్నకి చదివి వినిపించాను. ఆయనా టైపు నేర్చుకున్న మనిషే. మాస్టారు అట్ట పెట్టడం నిజమేనన్నారు. నా జీ1 ఇంకా ఉంది, రేపు బయటికి తీస్తాను.

#23 బాటసారి

ఈ రోజుకి అన్నీ అయిపోయాయి. చివరి నోట్ తిరుగు ప్రయాణం రోజుది. అది నా రాత కాదు. ఆ రోజు నేను మంచినీళ్ళ కోసం కిందికి దిగి వచ్చేసరికి ఫోను నాన్న చేతిలో ఉంది. ఏం చేస్తున్నారని అడిగితే ఏమీ లేదని తిరిగిచ్చేశారు. ఆ తర్వాత నేనూ చూసుకోలేదు.

అందులో ఉన్నది ఒకే వరస, ఎడమచేతి వేళ్ళ మొదటి పాఠం. ఏ, ఎస్, డీ, ఎఫ్. ఏ, ఎస్, డీ, ఎఫ్. తెర నిండేదాకా, మధ్యలో ఒక్క తప్పు లేకుండా, ప్రతి నాలుగక్షరాలకీ ఒక ఖాళీ వదిలి.